పిన్‌బాల్ మెషీన్ డైరీ: ముందు ఊతకర్ర, తర్వాతే రిపేరు

ఆదివారం

మెషీన్ ఇంటికి చేరింది. ఏటవాలు పలక మీద ఉక్కు గుండును ఆడించే ఆట, గాట్లీబ్ కంపెనీ పిన్‌బాల్, 1970ల నాటిది. బాల్‌ను తిరిగి పైకి కొట్టే చిన్న రెక్కలను, అంటే ఫ్లిప్పర్లను, 1947లో మొదటిసారి ఆటలోకి తెచ్చిన షికాగో కంపెనీ ఇదే. ఈ మెషీన్‌లో ఎలక్ట్రానిక్ బోర్డు ఒక్కటీ లేదు. లోపలంతా రిలేలు (కరెంటుతో కదిలే స్విచ్‌లు), కాయిళ్లు (తీగ చుట్లు), లీఫ్ స్విచ్‌లు (సన్నటి ఆకుల్లాంటి రేకులు తాకితే కలిసేవి), స్కోర్ చక్రాలు, వాటిని వరసలో నడిపించే ఒక చిన్న మోటారు. హనుమకొండలో ఒకప్పుడు వీడియో గేమ్ పార్లర్ నడిపిన మా దోస్తు, దుకాణం మూసేశాక దీన్ని గోదాంలో టార్పాలిన్ కప్పి దాచాడు. "పారేద్దామంటే మనసొస్తలేదు, నువ్వయితే బతికిస్తవ్" అని అప్పగించాడు. నాది మోటార్ వైండింగ్ పని కాబట్టి కాయిళ్లంటే బెరుకు లేదు.

ఎడమ ఫ్లిప్పర్ బలహీనంగా కొడుతోందని, ఒక స్కోర్ చక్రం కదలడం లేదని దోస్తు చెప్పాడు. స్కోర్ చక్రం వెనకాల నిలబడి ఉండే బ్యాక్‌బాక్స్‌లో ఉంటుంది కాబట్టి దాని సంగతి తర్వాత. ఫ్లిప్పర్ మెకానిజం మాత్రం ప్లేఫీల్డ్, అంటే బాల్ దొర్లే చెక్క పలక, అడుగున ఉంటుంది. అక్కడికి చెయ్యి పోవాలంటే ప్లేఫీల్డ్ మొత్తాన్ని ముందు వైపు నుంచి పైకెత్తి నిలబెట్టాలి. అలా నిలబెట్టడానికి కంపెనీ వాళ్లు క్యాబినెట్ లోపల ఒక ఊతకర్ర ఇస్తారు. కొన్నింటిలో చెక్కది, కొన్నింటిలో ఇనుప రాడ్డు. కాయిన్ డోర్ (ముందు వైపు నాణెం వేసే తలుపు) తెరిచి టార్చి వేసి చూస్తే దీనిలో అది లేదు. ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది.

అందుకే వరస మార్చాను. ఫ్లిప్పర్ ఆగుతుంది. ముందు ఊతకర్ర తయారవ్వాలి. చీపురుకట్టో, గొడుగో, చేతికి దొరికిన పైపు ముక్కో అడ్డం పెట్టి పని కానిచ్చేసేవాళ్లు చాలామందే ఉంటారు. నేను ఆ పని చెయ్యను. దీనికి కారణం కింద లెక్కతో సహా రాస్తాను.

సోమవారం రాత్రి

ఈ రోజు ప్లేఫీల్డ్‌ను ముట్టుకోలేదు. కాళ్లు, నేల, బ్యాక్‌బాక్స్ మాత్రమే చూశాను.

మా ఇంట్లో పాతకాలపు షాబాద్ బండల నేల. బండకూ బండకూ మధ్య సందులున్నాయి, ఒకటి రెండు బండలు కాలు పెడితే కదులుతాయి. ముందు వాటిని వెతికి, మెషీన్ కాళ్లు వాటి మీద పడకుండా జరిపాను. కాళ్ల బోల్టులన్నీ పానాతో బిగించాను. అడుగున ఉన్న ఎత్తు సరిచేసే గుండ్రటి పాదాలు నున్నటి బండ మీద జారుతున్నాయని ఒక్కోదాని కింద పాత స్కూటర్ ట్యూబు ముక్క మడిచి వేశాను. ఎడమకూ కుడికీ రసమట్టం పెట్టి చూసి, నాలుగు కాళ్లూ సమానంగా బరువు మోస్తున్నాయా అని మూలల మీద నొక్కి చూశాను.

తర్వాత బ్యాక్‌బాక్స్. దీన్ని చాలామంది పట్టించుకోరు. ప్లేఫీల్డ్‌ను ఎక్కువగా ఎత్తితే అది వెనక్కి వాలి బ్యాక్‌బాక్స్‌కు ఆనుకుంటుంది. రవాణాలో ఊడదీసిన బ్యాక్‌బాక్స్‌ను ఊరికే పైన పెట్టి వైర్ల ప్లగ్గులు తగిలించి వదిలేసి ఉంటే, ఆ బరువు మొత్తం వెనక్కి తిరగబడుతుంది. మాది ఆటో ట్రాలీలో వచ్చింది. బోల్టులు ఒక ప్లాస్టిక్ కవర్లో విడిగా వచ్చాయి. వాటిని వెడల్పాటి వాషర్లతో బిగించాక, పెట్టె పైభాగం పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపి చూశాను. కదల్లేదు.

కరెంటు విషయం కూడా ఇక్కడే. ఇది అమెరికా లెక్కన 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు తయారైన మెషీన్. మన 230 వోల్టులను తగ్గించడానికి బజార్లో దొరికే ఆటో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టలేదు. అందులో రెండు వైపులకూ ఒకే తీగ చుట్టు ఉంటుంది. మన ఇళ్లలో సాకెట్‌లో ఫేజూ న్యూట్రలూ తారుమారైన చోట, మెషీన్‌లోకి వెళ్లే తీగలు రెండూ భూమితో పోలిస్తే ప్రమాదకరమైన వోల్టేజీ మీదే ఉంటాయి. అందుకని రెండు చుట్లూ విడివిడిగా ఉండే 500 వీఏ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ నేనే చుట్టుకున్నాను. దానికి 105, 110, 115 వోల్టులు విడిగా తీసుకునేలా ట్యాపులు పెట్టాను. మెషీన్ లోపలి 60 హెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌కు 50 హెర్ట్జ్ ఇస్తే ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి 105తోనే మొదలుపెడతాను. కాయిన్ డోరు, ముందు స్టీలు పట్టీ, పక్క రెయిళ్లు, అన్నింటికీ ఎర్త్ వైరు కలిపాను.

బుధవారం

మా మేనల్లుడు పాలిటెక్నిక్ నుంచి నేరుగా ఇటే వచ్చాడు. ఒంటరిగా ప్లేఫీల్డ్ ఎత్తకూడదని నా నియమం, కనీసం మొదటిసారి అయినా.

ప్లగ్గు పీకి, వైరు చుట్టి మెషీన్ మీద మాకు కనిపించేలా పెట్టాం. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు కళ్ల ముందుండాలి. ఈ రకం పాత మెషీన్లో ప్లగ్గు తీశాక లోపల కరెంటు నిలవ ఉండదు. 1977 తర్వాత వరసగా వచ్చిన ఎలక్ట్రానిక్ బోర్డుల మెషీన్లలో అయితే పెద్ద కెపాసిటర్లలో చార్జి మిగిలే ఉంటుంది. ఇదే వరసను అక్కడ గుడ్డిగా వాడకూడదు.

కాయిన్ డోర్ లోపల చెయ్యి పెట్టి లివర్ జరిపితే ముందున్న స్టీలు పట్టీ పైకి లేచింది. అది తీశాక గాజు పలకను మన వైపు లాగాలి. ప్రామాణిక కొలత 21 అంగుళాల వెడల్పు, 43 అంగుళాల పొడవు. అసలైతే గట్టి చేసిన గాజు ఉండాలి. దాని మధ్యలో గుద్దినా తట్టుకుంటుంది గానీ అంచుకు చిన్న దెబ్బ తగిలితే మొత్తం పొడిపొడి అయిపోతుంది. షాబాద్ బండ మీద ఆ అంచు ఆనించడమంటే ప్రమాదాన్ని పిలిచినట్టే. పాత బొంతను నాలుగు మడతలు వేసి గోడ పక్కన పరిచి, దాని మీద నిలబెట్టి, జారకుండా ముందొక దిండు పెట్టాం.

తర్వాత బాల్. 27 మిల్లీమీటర్ల ఉక్కు గుండు, 80 గ్రాముల బరువు. ఇది లోపల ఉండగా ప్లేఫీల్డ్ ఎత్తితే వెనక్కి దొర్లి, సందులోంచి క్యాబినెట్‌లో పడుతుంది. అక్కడ ట్రాన్స్‌ఫార్మరూ, రిలేల వరసలూ తెరిచే ఉంటాయి. కింద గుంతలో ఉన్న బాల్‌ను తీసి స్టీలు గ్లాసులో వేశాను. బాల్‌ను ఆటలోకి వదిలే షూటర్ దారిలో ఇంకొకటి ఉందేమో వేలితో తడిమి కూడా చూశాను.

"మామా, ఫ్లిప్పర్లు పట్టుకుని లేపుదామా?"

"వద్దురా. ముందు వైపు కట్టె అంచు కింద వేళ్లు పెట్టు. రబ్బర్లు, ప్లాస్టిక్ ముక్కలు ఏవీ ముట్టకు."

మెల్లగా ఎత్తాం. మేనల్లుడు వెనక వైపు టార్చితో వైర్ల కట్టను చూస్తూ ఉన్నాడు. యాభై ఏళ్ల గుడ్డ కవరింగ్ వైర్లు ఎక్కడైనా చిక్కుకుంటే వెంటనే ఆపాలి. ఎక్కడా పట్టలేదు. ప్లేఫీల్డ్ వెనక అంచు ఇరుసుల మీద హాయిగా తిరిగింది. నేను రెండు చేతులతో పట్టుకుని ఉండగా వాడు ఫోన్‌తో లోపలంతా ఫొటోలు తీశాడు. దించేశాం. ఆ కాసేపట్లో మా ఇద్దరిలో ఎవరి తలా, చెయ్యీ దాని కిందికి వెళ్లలేదు.

ఫొటోలు పెద్దవి చేసి చూస్తే కావలసింది దొరికింది. క్యాబినెట్ కుడి గోడ లోపల, ట్రాన్స్‌ఫార్మర్‌కు కొంచెం ముందుగా, ఒక స్క్రూ రంధ్రం. దాని చుట్టూ చెక్క మీద వాషర్ తిరిగి తిరిగి పడ్డ గుండ్రటి మరక. ప్లేఫీల్డ్ అడుగున కుడి పక్క పొడవాటి చెక్క రెయిలు మీద, దాదాపు సగం దూరంలో, ధూళి కింద కూడా మెరుస్తున్న చిన్న నొక్కు. ఆ పక్కనే రెండు సన్నటి మేకు రంధ్రాలు. ఏళ్ల తరబడి ఊతకర్ర మొన ఆనిన చోటు అదే. కంపెనీ వాళ్లు ఎక్కడ ఊతం ఇచ్చారో మెషీనే చూపించింది, ఇక నేను కొత్తగా ఊహించాల్సిన పని లేదు.

గురువారం

లెక్క. బస్తాలు తూచే కొక్కెం త్రాసు ఒకటి ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ పని చేసే మా పక్కింటాయన దగ్గర తెచ్చుకున్నాను. ప్లేఫీల్డ్ ముందు అంచుకు తగిలించి పైకి లాగితే, అది లేవడం మొదలయ్యేటప్పుడు తొమ్మిదిన్నర కిలోలు చూపించింది.

వెనక అంచు ఇరుసు మీద ఉంది కాబట్టి ముందు అంచు దగ్గర తగిలేది దాదాపు సగం బరువే. అంటే మొత్తం పందొమ్మిది కిలోల దాకా ఉంటుంది. ఊతకర్ర ముందు అంచు దగ్గర కాకుండా సగం దూరంలో ఆనుతుంది కాబట్టి దాని మీద పడేది ఆ పందొమ్మిది కిలోలూ. ఇంకా వెనక్కి, ఇరుసుకు దగ్గరగా ఆనిస్తే భారం ఇంకా పెరుగుతుంది. మూడో వంతు దూరంలో పెడితే ఇరవై ఎనిమిది కిలోలు దాటుతుంది. చీపురుకట్టను చేతికందిన చోట ఇరికించేవాళ్లు ఈ సంగతి ఆలోచించరు.

అసలు మోసం మరోటి ఉంది. ప్లేఫీల్డ్ లేచేకొద్దీ చేతికి తేలికవుతుంది. అరవై డిగ్రీల దగ్గర ముందు అంచును పట్టి ఉంచడానికి అయిదు కిలోల బలం కూడా అక్కర్లేదు. అందుకే మనిషి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో స్క్రూడ్రైవర్ అందుకుని లోపలికి వంగుతాడు. కానీ ప్లేఫీల్డ్ పొడవు 42 అంగుళాలు. అరవై డిగ్రీల దగ్గర దాని ముందు అంచు మూడడుగులు ఎత్తులో ఉంటుంది. పట్టు తప్పితే అది పడుతూ పడుతూ బరువెక్కుతుంది, వేగమూ పెరుగుతుంది. ఫ్లిప్పర్లు ఉండేది సరిగ్గా ఆ ముందు అంచు పక్కనే. అంటే పని చేసేవాడి మణికట్టు, చాలాసార్లు తల కూడా, ఆ అంచుకూ క్యాబినెట్ ముందు గోడకూ మధ్యలో ఉంటుంది. కాయిళ్లు రిపేరు చేసి పొట్టపోసుకునే నాకు చేతులకంటే విలువైన పనిముట్టు లేదు.

కాబట్టి నాకు కావలసిన ఊతకర్రకు కింది కొన జారకూడదు, పై కొన తప్పుకోకూడదు. రెండూ దాటి ఏదైనా జరిగితే పట్టుకోవడానికి ఇంకొకటి ఉండాలి.

శనివారం

వడ్రంగి పని చేసే వడ్ల కాకా దగ్గరికి పోయాను. ఇనుమా, కట్టెనా అనేది ముందే తేల్చుకున్నాను. కట్టె. క్యాబినెట్ అడుగున ట్రాన్స్‌ఫార్మర్ టెర్మినళ్లు, రిలే కాంటాక్టులు అన్నీ బయటికే ఉంటాయి. ఇనుప రాడ్డు జారి వాటి మీద పడితే మెరుపులే. ఫ్లిప్పర్ కొట్టుడు చూడటానికి కొన్నిసార్లు ప్లేఫీల్డ్ లేపి ఉంచే కరెంటు ఇవ్వాల్సి వస్తుంది కూడా.

కాకా దగ్గర పాత టేకు మంచం పట్టె ఉంది. చిత్రిక పట్టి అంగుళంన్నర మందం, ఇరవై రెండు అంగుళాల పొడవు తీశాడు. నార నిలువుగా, ముడి ఒక్కటీ లేకుండా ఉన్న వైపు ఎంచుకున్నాడు. ముడి ఉన్న చోటే విరుగుతుందని ఆయనకు చెప్పాల్సిన పని లేదు.

"గిది ఎంత మొయ్యాలె బిడ్డా?"

"ఇరవై కిలోలు కాకా. దానికి రెండింతలు అనుకో."

"గంతేనా! నువ్వు గూడ దీని మీద నిలబడొచ్చు."

పట్టెను రెండు దిమ్మెల మీద అడ్డంగా పెట్టి, ఆయనే దాని మీద ఎక్కి నిలబడ్డాడు. వంగనే లేదు. నిలువుగా భారం మోసేటప్పుడు ఇంకా గట్టిగా ఉంటుంది.

పై కొనకు వెల్డింగ్ భాయ్ ఒక ఇనుప కప్పు చేసి ఇచ్చాడు. మూడు మిల్లీమీటర్ల పట్టీని మూడు వైపులా వంచి, కర్ర మొన అందులో దిగి కూర్చునేలా. పక్కల నుంచి పిన్ను దూర్చడానికి రంధ్రం కూడా వేశాడు. కర్ర ప్లేఫీల్డ్‌కు నిటారుగా కాక ఏటవాలుగా తగులుతుంది కాబట్టి బరువు దాన్ని పక్కకు తోస్తూనే ఉంటుంది. మొనకు కూర్చునే గూడు లేకపోతే నున్నటి చెక్క మీద జారడం ఖాయం. కప్పును రెయిలు మీద పాత మేకు రంధ్రాల్లోనే బిగించాను. కాయిళ్లకు, స్విచ్‌లకు, వైర్ల కట్టకు దూరంగా, గట్టి చెక్క మీద మాత్రమే.

కింది కొన దగ్గర భాయ్‌తో కొంచెం వాదన జరిగింది. క్యాబినెట్ గోడకు ఆరపార రంధ్రం వేసి బోల్టు వెయ్యమన్నాడు. బలం విషయంలో ఆయన మాట నిజమే. కానీ ఆ గోడకు బయటి వైపు యాభై ఏళ్ల నాటి స్టెన్సిల్ బొమ్మలున్నాయి. వాటి మధ్య బోల్టు తల నేను చూడలేను. పాత స్క్రూ రంధ్రం వదులైంది కాబట్టి, టేకు పుల్లలకు ఫెవికాల్ పూసి అందులో దిగగొట్టి రాత్రంతా ఆరనిచ్చాను. తర్వాత సన్నటి బిట్టుతో కొత్తగా రంధ్రం వేసి, లావుపాటి స్క్రూ, రెండు వైపులా వాషర్లతో కర్రను వేలాడదీశాను. ఇప్పుడు ఆ స్క్రూ కర్రను గోడ పక్కన నిలిపి ఉంచుతుందే తప్ప బరువు మొయ్యదు. బరువు కర్ర కింది కొన ద్వారా అడుగు చెక్క మీదికి పోతుంది. ఆ కొనకు చేతికర్రల అడుగున వేసే రబ్బరు బూటు తొడిగాను. ఎంజీఎం ఆసుపత్రి ఎదుట మందుల దుకాణంలో దొరికింది. దాని ముందు అడుగు చెక్క మీద ఒక చిన్న టేకు అడ్డుపట్టీ అంటించి స్క్రూ వేశాను, బూటు ముందుకు జారకుండా.

ఆదివారం

మూడోది, పైనుంచి పట్టు. మా నడవ స్లాబులో ఉయ్యాల కొక్కెం ఉంది. మా పిల్లలందరూ దానికి కట్టిన ఉయ్యాలలోనే ఊగారు. మెషీన్‌ను సరిగ్గా దాని కిందికి వచ్చేలా జరిపి, కాళ్లు మళ్లీ రసమట్టంతో సరిచేశాం. కొక్కెం నుంచి లగేజీ కట్టే వెడల్పాటి బెల్టు దించి, ప్లేఫీల్డ్ ముందు రెయిలుకు బిగించిన ఇనుప కన్నుకు తగిలించాను. సన్నటి తాడు కంటే వెడల్పు బెల్టు మేలు, చెక్క అంచును కోయదు. ఊతకర్ర బరువంతా మోస్తున్నప్పుడు బెల్టు వదులుగా ఉండాలి, కానీ రెండు అంగుళాలకు మించి కాదు. కర్ర తప్పినా ప్లేఫీల్డ్ రెండు అంగుళాలు దిగి ఆగిపోవాలి. నడవలో ఫ్యాన్ దూరంగానే ఉన్నా దాని స్విచ్‌కు టేపు వేశాను.

ఇంట్లో ఉయ్యాల కొక్కెం లేనివాళ్లు దూలానికో, గట్టి చట్రానికో కట్టుకోవచ్చు. ఫ్యాన్ వేలాడుతున్న కొక్కేనికి మాత్రం కట్టొద్దు.

పరీక్ష ఇలా చేశాం. ప్లేఫీల్డ్ ఎత్తి, కర్ర మొనను కప్పులో కూర్చోబెట్టి, పిన్ను దూర్చాం. ముందు రెయిలుకు అయిదు కిలోల బియ్యం సంచి వేలాడదీశాం. ముందు అంచు మీద అయిదు కిలోలంటే సగంలో ఉన్న కర్ర మీద అదనంగా పది. అంటే దాదాపు ముప్పై కిలోల భారం. మెషీన్‌ను పక్కల నుంచి కుదిపాం. కాయిన్ డోరు గట్టిగా వేసి చూశాం. సంచి అలాగే ఉంచి భోజనానికి వెళ్లాం. తిరిగొచ్చి చూస్తే రబ్బరు బూటు కింద పెన్సిల్‌తో గీసిన గీత దగ్గరే ఉంది, వెంట్రుకవాసి కూడా జరగలేదు.

తర్వాత బెల్టు పరీక్ష. మేమిద్దరం రెండు పక్కలా ప్లేఫీల్డ్‌ను పట్టుకుని, పిన్ను తీసి, కర్రను కావాలనే తప్పించాం. మెల్లగా చేతులు సడలిస్తే ప్లేఫీల్డ్ రెండు అంగుళాలు దిగి బెల్టు మీద ఆగింది. మేనల్లుడు, "ఇక భయం లేదు మామా" అన్నాడు. భయం ఉండాలనే చెప్పాను. దించేటప్పుడు కూడా ఇద్దరం ఉండాలి, ముందు బెల్టు విప్పేసి కర్ర తియ్యడం ఎప్పుడూ చెయ్యకూడదు. కర్ర మొదట, బెల్టు చివర.

మంగళవారం

ఈ రోజు మొదటిసారి చేతులు లోపల పెట్టాను.

ఎడమ ఫ్లిప్పర్ సంగతి ఇది. ఫ్లిప్పర్ కాయిల్లో రెండు చుట్లు ఉంటాయి. ఒకటి లావు తీగది, దెబ్బ కొట్టడానికి. ఇంకోటి సన్న తీగది, బటన్ నొక్కిపట్టినంతసేపు ఫ్లిప్పర్‌ను కాయిల్ కాలిపోకుండా లేపి ఉంచడానికి. ఫ్లిప్పర్ విశ్రాంతిలో ఉన్నప్పుడు చివరి స్విచ్ మూసి ఉండి సన్న తీగ చుట్టును పక్కన పెడుతుంది. ఫ్లిప్పర్ పూర్తిగా లేచాక ఆ స్విచ్ తెరుచుకుని రెండు చుట్లనూ కలుపుతుంది. మా దానిలో ఆ స్విచ్ కాంటాక్టులు కాలి బొగ్గులా ఉన్నాయి. మూసి ఉన్నా కరెంటు సరిగ్గా పోవడం లేదు. దాంతో సన్న తీగ చుట్టు ఎప్పుడూ దారిలోనే ఉండిపోయి, దెబ్బలో బలం చచ్చిపోయింది. మల్టీమీటర్‌తో కాంటాక్టుల మధ్య చూస్తే రీడింగ్ నిలవడం లేదు.

సన్నటి ఆకురాయితో రెండు కాంటాక్టులూ చదునయ్యేదాకా మెల్లగా రుద్దాను. ఆ ధూళిని బ్రష్‌తో దులిపాను. స్ప్రే ఆయిల్ జోలికి పోలేదు. ఈ స్విచ్‌లు నిప్పురవ్వలు కక్కుతాయి, పైన నూనె ఆవిరి ఉంటే అంటుకుంటుంది. ఫ్లిప్పర్ చివరిదాకా లేచినప్పుడు కాంటాక్టుల మధ్య మూడు మిల్లీమీటర్ల సందు ఉండేలా ఆకును వంచాను. కాయిల్ లోపలి గొట్టం అరిగి ఇనుప దిమ్మె గీసుకుంటోంది. గొట్టం మార్చి, దిమ్మెను పొడి గుడ్డతో తుడిచాను. అక్కడ కూడా నూనె వెయ్యకూడదు, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది.

పని జరుగుతున్నంతసేపు నా రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. ఒక చేత్తో అద్దం, ఇంకో చేత్తో ఆకురాయి. ప్లేఫీల్డ్‌ను పట్టుకోవాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. మధ్యలో వాన మొదలై కరెంటు పోయింది, నడవ చీకటైంది. అప్పుడు కూడా చేతులు తీసి పక్కకు జరిగి, ఇన్వర్టర్ లైటు వచ్చేదాకా ఆగాను.

సాయంత్రం పనిముట్లు లెక్కపెట్టి అన్నీ బయటికి వచ్చాయని చూసుకుని, 105 వోల్టుల ట్యాపు మీద కరెంటు ఇచ్చాం. ప్లేఫీల్డ్ ఇంకా లేచే ఉంది, మేం ఇద్దరం మెషీన్ పక్కనే, చేతులు బయట. మేనల్లుడు క్యాబినెట్ పక్క బటన్ నొక్కాడు. ఎడమ ఫ్లిప్పర్ కుడిదానంత గట్టిగా కొట్టింది.

ప్లగ్గు పీకి, కర్ర తీసి గోడ పక్కన క్లిప్పులో పెట్టి, బెల్టు విప్పి ప్లేఫీల్డ్ దించాం. బాల్ ఇంకా స్టీలు గ్లాసులోనే ఉంది. వచ్చే వారం స్కోర్ చక్రం. దాని కాయిల్ ఒకటి తెగినట్టుంది, తీగ గేజి కొలిచి కొత్తది చుట్టాలి.